దీర్ఘకాలంగా పనిలేని పెద్ద వయసువారికి తాత్కాలిక ప్రజా పనులు: పథకాన్ని ముగింపు నుంచి మొదలుపెట్టి రూపొందించే పద్ధతి

పని చేయగల శక్తి, చేయాలన్న కోరిక రెండూ ఉండి, 12 నెలలు లేదా అంతకు మించి వెతికినా పని దొరకనివారిని దీర్ఘకాలిక నిరుద్యోగులుగా లెక్కించడం చాలా దేశాల గణాంక సంస్థలు పాటిస్తున్న పద్ధతి. వీరిలో 50 ఏళ్లు దాటినవారి పరిస్థితి కొంత వేరుగా ఉంటుంది. చిన్న వయసువారితో పోలిస్తే వీరు ఉద్యోగం పోగొట్టుకోవడం తక్కువే గాని, ఒకసారి పోయిందంటే మళ్లీ దొరకడానికి చాలా ఎక్కువ కాలం పడుతుంది. పుట్టిన తేదీ చూసి దరఖాస్తును పక్కన పెట్టే యజమానులు, పాతబడిన నైపుణ్యం, మోకాళ్ల నొప్పో నడుము నొప్పో, ఇంట్లో జబ్బుపడిన మనిషిని చూసుకోవలసిన బాధ్యత, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి. పింఛను వయసు ఇంకా రాదు, పని ఇచ్చేవారు కనబడరు. ఈ మధ్యకాలాన్ని దాటించేందుకు ప్రభుత్వ సొమ్ముతో, పరిమిత కాలానికి, పదిమందికీ పనికివచ్చే పని కల్పించి జీతం ఇవ్వడమే తాత్కాలిక ప్రజా పనుల పథకం.

ఇటువంటి పథకాన్ని చేపట్టాలనుకునే స్థానిక సంస్థల అధికారులు, ఉపాధి కార్యాలయాల సిబ్బంది, స్వచ్ఛంద సంస్థల నిర్వాహకుల కోసం ఈ మార్గదర్శి. ఇందులోని సూచనలన్నిటికీ మూలం ఒక్కటే: తాత్కాలిక పథకంలో మొట్టమొదట నిర్ణయించవలసింది చివరి రోజును. పథకం ముగిసిన మర్నాడు ఈ మనిషి ఎక్కడికి వెళ్తాడన్న ప్రశ్నకు జవాబు లేకుండా పని మొదలుపెడితే, ఏడాది తరువాత అతణ్ని మళ్లీ అదే వరుసలో, మరో ఏడాది పైబడిన వయసుతో నిలబెట్టినవారమవుతాం.

పథకం వల్ల ఏది సాధ్యం, ఏది కాదు

రూపకల్పనకు కూర్చునే ముందు ఇది తెలుసుకోవాలి. ఉపాధి పథకాలపై జరిగిన 200కు పైగా అధ్యయనాలను ఒకచోట చేర్చి డేవిడ్ కార్డ్, యోకెన్ క్లూవ్, ఆండ్రియా వెబర్ అనే ఆర్థికవేత్తలు 2018లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, శిక్షణ, ప్రైవేటు ఉద్యోగాలకు సబ్సిడీ వంటి మార్గాలతో పోలిస్తే ప్రభుత్వ రంగంలో తాత్కాలికంగా కల్పించే పనులు, ఆ తరువాత మామూలు ఉద్యోగం దొరకడంలో చేసే మేలు అతి స్వల్పం, కొన్నిచోట్ల అసలు లేదు. కారణం అర్థం చేసుకోవడం కష్టం కాదు. పథకంలో ఉన్నంతకాలం మనిషి బయట పని వెతకడం మానేస్తాడు. అక్కడ నేర్చుకున్న పనికి బయట గిరాకీ లేకపోతే ముగిసేనాటికి చేతిలో మిగిలేదేమీ ఉండదు.

అయితే మరో పక్క కూడా ఉంది. ఆస్ట్రియాలోని మారియంతాల్ అనే చిన్న ఊరిలో 1929-30లో బట్టల మిల్లు మూతపడిన తరువాత మారీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైజెల్ అనే పరిశోధకులు అక్కడి జీవితాన్ని దగ్గరగా గమనించారు. పని పోయినవారికి బోలెడంత ఖాళీ సమయం దొరికినా గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం తగ్గింది, వీధిలో నడక వేగం కూడా తగ్గింది. పని అంటే జీతం ఒక్కటే కాదనీ, రోజుకొక క్రమం, నలుగురితో కలయిక, కలిసి చేసే ఒక ప్రయోజనం, సమాజంలో ఒక స్థానం కూడా అనీ యహోదా తరువాతి కాలంలో వివరించారు. అదే ఊరు భాగమైన గ్రామట్‌నాయ్‌జీడెల్ మునిసిపాలిటీలో 2020 అక్టోబరులో, దీర్ఘకాలిక నిరుద్యోగులు కోరితే పని ఇస్తామన్న హామీతో ఒక ప్రయోగం మొదలైంది. దాన్ని అధ్యయనం చేసిన మాక్సిమిలియన్ కాసి, లూకాస్ లేనర్ ఆదాయం, భద్రత, దినచర్య, మనుషులతో కలయిక, సామాజిక గౌరవం అన్నీ మెరుగుపడ్డాయని తేల్చారు. శారీరక ఆరోగ్యంలో మాత్రం మార్పు కనబడలేదు.

ఈ రెండు ఫలితాలనూ కలిపి చదవాలి. ప్రజా పనులు ఇప్పటి జీవితాన్ని బాగుచేస్తాయి. రేపటి ఉద్యోగాన్ని మాత్రం వాటంతట అవి తెచ్చిపెట్టవు, దానికి విడిగా ఏర్పాటు చేయాలి.

మొదటి దశ: చివరి రోజును నిర్ణయించడం

చేరబోయేవారిని రెండు వర్గాలుగా చూడవలసి ఉంటుంది. పింఛను వయసుకు ఇంకా ఎనిమిది పదేళ్లు ఉన్నవారు మొదటి వర్గం. వీరి గమ్యం బయటి ఉద్యోగం. పింఛనుకు రెండు మూడేళ్లే మిగిలినవారు రెండో వర్గం. వీరికి ఆ మిగిలిన కాలాన్ని గౌరవంగా, జీతంతో, పింఛను ఖాతాలో జమ ఆగకుండా దాటించడమే న్యాయమైన లక్ష్యం. ఈ రెండో లక్ష్యాన్ని బయటికి చెప్పడానికి అధికారులు వెనకాడుతుంటారు. అందరినీ ఉద్యోగాల్లోకి పంపుతామని రాసుకుంటే కాగితం మీద బాగానే ఉంటుంది గాని, 63 ఏళ్ల మనిషిని ప్రతి నెలా ఇంటర్వ్యూలకు తిప్పడం అతనికీ కష్టమే, పథకానికీ దండగే. రెండు లక్ష్యాలనూ పథకం పత్రంలోనే విడివిడిగా రాయండి, గడువులను కూడా విడివిడిగా పెట్టండి.

మొదటి వర్గానికి ఏడాది నుంచి రెండేళ్ల గడువు సరిపోతుంది. ఆరు నెలల్లోపు ముగిసే పథకాలను నేను సమర్థించలేను. కుదురుకోవడానికే రెండు మూడు నెలలు పట్టే మనిషికి మిగిలేది నేర్చుకోవడానికి చాలని కాలం. రెండో వర్గానికి గడువును పింఛను తేదీతోనే ముడిపెట్టాలి. ఆ తేదీకి నాలుగు నెలల ముందు ఒప్పందం ముగిసేలా రాయడం తరచు జరిగే పొరపాటు. ఆ నాలుగు నెలలూ మనిషి మళ్లీ నిరుద్యోగ భృతి కోసం కార్యాలయాల చుట్టూ తిరుగుతాడు.

రెండో దశ: ఎవరిని చేర్చుకోవాలి

అర్హత నియమాలు సరళంగా, ఒక పేజీకి మించకుండా ఉండాలి. వయసు, నిరుద్యోగ కాలం, అవసరమైతే ఆదాయ పరిమితి, ఈ మూడూ చాలు. అమెరికాలో పెద్ద వయసువారి కోసం నడిచే సమాజ సేవా ఉపాధి కార్యక్రమం 55 ఏళ్లు నిండి, కుటుంబ ఆదాయం పేదరిక ప్రమాణానికి 125 శాతం మించనివారిని తీసుకుంటుంది. జర్మనీ 2019లో తెచ్చిన చట్టం వయసును కాక, గత ఏడేళ్లలో కనీసం ఆరేళ్లు ప్రాథమిక భృతి మీద బతికారా అన్నదాన్ని ప్రధాన కొలతగా పెట్టుకుంది.

ఇక్కడ జాగ్రత్త పడవలసిన విషయం ఒకటి ఉంది. ఫలితాలు బాగా కనబడాలన్న ఒత్తిడితో నిర్వాహకులు చురుకైనవారిని, చదువుకున్నవారిని, నిన్నమొన్న పని పోయినవారిని ముందు ఏరుకుంటారు. వారికి పథకం లేకపోయినా పని దొరికేది. దీన్ని నివారించాలంటే దరఖాస్తులను నిరుద్యోగ కాలం ఎక్కువ ఉన్నవారి నుంచి తక్కువ ఉన్నవారి వైపుగా వరుస పెట్టి, ఆ వరుసను అందరికీ కనబడేలా ప్రకటించాలి.

చేరడం పూర్తిగా స్వచ్ఛందంగా ఉండాలి. చేరకపోతే భృతి ఆపుతామని బెదిరించి తెచ్చినవారితో పని జరగదు, పర్యవేక్షకుడికి కాపలా ఒక్కటే మిగులుతుంది. అయితే స్వచ్ఛందం కదా అని ఒక ప్రకటన అంటించి ఊరుకుంటే ఏళ్ల తరబడి కాదనిపించుకున్నవారు రారు. ఉత్తరం పంపి, ఫోన్ చేసి, ఎదురుగా కూర్చుని, ఏ పనులున్నాయో, జీతం ఎంతో, ఇప్పుడు అందుతున్న భృతి ఏమవుతుందో వివరంగా చెప్పాలి. మొదటి సమావేశంలో దరఖాస్తు నింపించవద్దు. గతంలో ఏ పని చేశారు, ఏ పని ఇష్టంగా చేశారు, ఇప్పుడు శరీరం దేనికి ఒప్పుకోదు అని అడిగి రాసుకుంటే చాలు.

మూడో దశ: ఏ పని ఇవ్వాలి

పథకం నిలబడేదీ, పేరు పోగొట్టుకునేదీ ఇక్కడే. మంచి పనికి నాలుగు లక్షణాలు ఉండాలి. ఆ పని నిజంగా ఎవరికో అవసరమై ఉండాలి. ప్రస్తుతం జీతం తీసుకుంటున్న మరొకరి ఉద్యోగాన్ని అది ఊడగొట్టకూడదు. చేసేవారి వయసుకు తగినట్లుగా మలచుకోవడానికి వీలుండాలి. మొదటి వర్గం వారికైతే, బయట గిరాకీ ఉన్న నైపుణ్యం ఒక్కటైనా అందులో ఉండాలి.

రెండో లక్షణం గురించి మరికొంత చెప్పాలి. మునిసిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికుల ఖాళీలను భర్తీ చేయకుండా, ఆ పనిని సబ్సిడీ జీతాల మీద వచ్చినవారితో చేయిస్తే, ఒక నిరుద్యోగిని తగ్గించి మరొకరిని తయారుచేసినట్లే. ప్రతి పని ప్రతిపాదనకూ, పని ఇచ్చే సంస్థ నుంచి ఈ ప్రశ్నలకు రాతపూర్వక జవాబు తీసుకోండి: గత ఏడాది ఈ పని జీతం ఇచ్చి చేయించారా, ఎవరితో చేయించారు, ఇప్పుడు వారెక్కడ ఉన్నారు? కార్మిక సంఘాల ప్రతినిధులు, స్థానిక చిన్న వ్యాపారుల ప్రతినిధులు ఉన్న ఒక కమిటీ ఈ జాబితాను ఆమోదించాకే పని మొదలుపెట్టాలి. వారు అడ్డుపడతారని భయపడి తప్పించుకున్నచోట తరువాత వచ్చే వివాదాలు పథకాన్నే ఆపేస్తాయి.

తగిన పనులకు కొరత లేదు: ఒంటరి వృద్ధులకు తోడుగా ఆసుపత్రికి వెళ్లడం, బడి తోటల పెంపకం, పాత ఫర్నిచర్, సైకిళ్లు, గృహోపకరణాల మరమ్మతు, గ్రంథాలయ సేవలు, నడక దారుల నిర్వహణ, పాత రికార్డులను డిజిటల్ రూపంలోకి మార్చడం. ఈ చివరి పనినే దగ్గరగా చూద్దాం. ఒక కార్యాలయంలో దశాబ్దాల నాటి రిజిస్టర్లు కట్టలు కట్టి ఉన్నాయనుకోండి. ఒకరు కట్ట విప్పి మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, చిరిగిన పుటలకు గుర్తు చీటీ పెడతారు. మరొకరు స్కానర్ మీద ఒక్కో పుటనూ పరిచి తీస్తారు. మూడోవారు తెరమీద పేరు, సంవత్సరం, సంఖ్య చదివి నమోదు చేస్తారు. నీటికి తడిసి సిరా అలుక్కుపోయిన చోట ముగ్గురూ కలిసి తలలు పెట్టి చదువుతారు. పాత చేతిరాతలు, పాత కొలతలు, పాత వీధుల పేర్లు తెలిసిన పెద్ద వయసువారికి ఇక్కడ చిన్నవారి మీద పైచేయి ఉంటుంది. నెల తిరిగేసరికి ఎవరో వచ్చి తమ తాతగారి దస్తావేజు అడిగితే రెండు నిమిషాల్లో తీసి ఇస్తారు. పని అవసరమైనదేనని చేసేవారికి రుజువయ్యేది అప్పుడే. ఇప్పుడు తవ్వి తరువాత పూడ్చే పనిని ఎంత జీతమిచ్చినా గౌరవంగా చేయించలేం.

నాలుగో దశ: జీతం, వేళలు, ఒప్పందం

కనీస వేతనానికి తగ్గకుండా ఇవ్వాలి. దీని మీద రాజీ పడవద్దని నా గట్టి సలహా. జర్మనీలో 2005 నుంచి నడిచిన ‘ఒక యూరో ఉద్యోగాల’లో భృతికి అదనంగా గంటకు ఒకటి రెండు యూరోలు మాత్రమే ఇచ్చేవారు, ఉద్యోగ ఒప్పందం ఉండేది కాదు. హంగరీ 2011 నుంచి ప్రజా పనుల వేతనాన్ని కనీస వేతనం కన్నా తక్కువగా విడిగా నిర్ణయించింది. ఇలా చేస్తే పథకంలో ఉన్నవారిని అందరూ రెండో తరగతి పనివారుగా చూస్తారు, రేపు ఉద్యోగమిచ్చే యజమాని కూడా అదే కంటితో చూస్తాడు. జర్మనీయే 2019 చట్టంలో దారి మార్చుకుంది. మామూలు ఒప్పందంతో ఉద్యోగం, అయిదేళ్ల వరకు గడువు, మొదటి రెండేళ్లు యజమానికి కనీస వేతనంలో 100 శాతం సబ్సిడీ, ఆ తరువాత ఏటా 10 శాతం చొప్పున తగ్గింపు, ఉద్యోగికి వెన్నంటి ఉండే ఒక మార్గదర్శకుడు.

పని గంటలు పూర్తికాలానికి సగం నుంచి మూడు వంతుల వరకు ఉండటం మేలు. అమెరికా కార్యక్రమంలో వారానికి సగటున 20 గంటలు, ఐర్లండ్ సామాజిక ఉపాధి పథకంలో 19.5 గంటలు పని ఉంటుంది. మిగిలిన సమయం శిక్షణకు, వైద్యానికి, పని వెతకడానికి పనికివస్తుంది. జీతం మొదలవగానే భృతి, ఇంటి అద్దె సాయం, వైద్య రాయితీ ఎంత తగ్గుతాయో ఒక్కొక్కరికీ విడిగా లెక్కకట్టి, కాగితం మీద రాసి చేతికివ్వాలి. నికరంగా చేతికొచ్చేది పెరగకపోతే చేరమని అడగడం అన్యాయం.

అయిదో దశ: శరీరం, పనిముట్లు, పని స్థలం

ఎంత పని చేస్తే అంత కూలీ అన్న కొలత పద్ధతిని ఈ పథకంలో వాడకూడదు. మట్టి తవ్వకాన్ని ఘనపు మీటర్లలో కొలిచి కూలీ కట్టేచోట పెద్ద వయసువారు పూర్తి కూలీ కోసం మోకాళ్లు పాడుచేసుకుంటారు, లేదా జట్టులోని చిన్నవారు వారిని చేర్చుకోరు. గంటల లెక్కన జీతమే సరైనది.

చేరిన మొదటి రెండు వారాలు సగం వేళలే పని పెట్టండి. ఏళ్ల తరబడి పని అలవాటు తప్పిన శరీరం మూడో రోజున మొరాయిస్తుంది. ఆ నొప్పితోనే చాలామంది మానేస్తారు. తోటపనిలో పొట్టి పిడి పార బదులు నిలబడి వాడే పొడవు పిడి పనిముట్లు, నారుమళ్ల దగ్గర నడుము ఎత్తు బల్లలు, బరువులకు చక్రాల బండి, కూర్చోవడానికి వీపు ఆనే కుర్చీ ఉండాలి. వీటికయ్యే ఖర్చు మొత్తం జీతాలతో పోలిస్తే చాలా తక్కువ. భారతదేశం 2005లో చేసిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం పని స్థలంలో తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె తప్పనిసరి చేసింది. పెద్ద వయసువారికి దగ్గరలో మరుగుదొడ్డి కూడా అంతే అవసరం. చాలా మంది మగ అధికారులకు ఇది తోచదు. ప్రమాద బీమా లేకుండా ఒక్క రోజు కూడా పని మొదలుపెట్టవద్దు.

ఆరో దశ: పర్యవేక్షకులు

పది పన్నెండు మందికి ఒక పర్యవేక్షకుడు ఉండాలి. అతడు పని తెలిసినవాడై ఉండాలి, మనిషితో మాట్లాడటం కూడా తెలియాలి. ముప్ఫై ఏళ్ల పర్యవేక్షకుడు ముప్ఫై ఏళ్లు వడ్రంగం చేసిన మనిషికి రంపం పట్టడం నేర్పబోతే ఆ జట్టు ఆ రోజే చెదిరిపోతుంది. ‘మీరైతే దీన్ని ఎలా చేస్తారండీ?’ అని అడగడంతో మొదలుపెట్టమని శిక్షణలో చెప్పండి. వరుసగా రెండు రోజులు రానివారికి నోటీసు పంపే ముందు ఫోన్ చేయడం నియమంగా పెట్టండి. దీర్ఘకాలం పనిలేక ఉన్నవారిలో కుంగుబాటు, అప్పుల ఒత్తిడి సాధారణం, గైర్హాజరు వెనుక తరచు అవే ఉంటాయి.

ఏడో దశ: డబ్బుకు భరోసా

ఆస్ట్రియా 2017 జూలైలో 50 ఏళ్లు దాటిన దీర్ఘకాలిక నిరుద్యోగుల కోసం ‘ఆక్సియోన్ 20,000’ పేరుతో మునిసిపాలిటీలు, లాభాపేక్ష లేని సంస్థలలో ఉద్యోగాలు కల్పించడం మొదలుపెట్టింది. ఏడాదికి 20,000 ఉద్యోగాలు లక్ష్యం. ప్రభుత్వం మారగానే 2018 జనవరిలో, దేశమంతటా విస్తరించవలసిన సమయంలోనే, కొత్త చేరికలను ఆపేశారు. ప్రభుత్వాలు మారడాన్ని ఎవరూ ఆపలేరు. అందుచేత చేరే ప్రతి మనిషి పూర్తి గడువు జీతానికీ సరిపడే సొమ్మును చేరిన రోజునే విడిగా కేటాయించి ఒప్పందంలో రాయాలి. 40 మందికి పూర్తి భరోసా ఉన్న పథకం, 100 మందికి సగం భరోసా ఉన్నదానికన్నా మేలు.

ఎనిమిదో దశ: పనిలో ఉండగానే బయటి దారి

ఒకరి వ్యక్తిగత ప్రణాళికను రెండో నెలలో రాయాలి, మొదటి రోజున కాదు. అప్పటికి ఆ మనిషి చేతిపని, ఓపిక, ఇష్టం పర్యవేక్షకుడికి తెలిసి ఉంటాయి. మొదటి వర్గం వారికి నాలుగో నెల నుంచి వారంలో ఒక పూటను జీతంతోనే పని వెతకడానికి వదలాలి. స్థానిక యజమానులను పని స్థలానికే పిలిపించి చూపించడం, దరఖాస్తులు పంపడం కన్నా బాగా పనిచేస్తుంది. కాగితం మీద 57 అన్న అంకెను చూసి వెనకాడే యజమాని, ఎదురుగా పని చేస్తున్న మనిషిని చూసినప్పుడు వేరుగా ఆలోచిస్తాడు. బయట ఉద్యోగం దొరికి వెళ్లినవారు మొదటి మూడు నెలల్లో అక్కడ కుదరకపోతే తిరిగి రావడానికి స్థానం అట్టిపెట్టాలి. ఈ ఒక్క నియమం వారికి ధైర్యంగా బయటికి అడుగు పెట్టే వీలు కల్పిస్తుంది.

ఫలితాల లెక్క

ముగిసిన రోజున ఎందరు ఉద్యోగంలో ఉన్నారన్నది తక్కువ చెప్పే లెక్క. 6, 12, 24 నెలల తరువాత ఎక్కడున్నారో చూడాలి. పోల్చడానికి ఒక జట్టు ఉంటే తప్ప పథకం వల్ల ఏమి మారిందో తెలియదు. గ్రామట్‌నాయ్‌జీడెల్‌లో అర్హులను రెండు జట్లుగా లాటరీ పద్ధతిలో విడదీసి, ఒకటి 2020 అక్టోబరులో, రెండోది 2021 ఫిబ్రవరిలో చేర్చుకున్నారు. ఎవరికీ పని నిరాకరించకుండానే, ఆ మధ్య నెలల్లో రెండు జట్లనూ పోల్చగలిగారు. అందరినీ ఒకేసారి చేర్చుకునే స్థోమత లేని చిన్న సంస్థలకు ఇదే ఉత్తమమైన పద్ధతి. రెండో వర్గం విజయాన్ని మాత్రం ఉద్యోగాలతో కొలవకూడదు. పింఛను వరకు జీతం ఆగకుండా గడిచిందా, పింఛను మొత్తం ఎంత పెరిగింది, ఆ మనిషి ఏమంటున్నారు అన్నవే ఆ కొలతలు.

చివరి మూడు నెలలు

ఒప్పందం ముగిసే తేదీకి 90 రోజుల ముందు ప్రతి ఒక్కరితో విడిగా కూర్చోవాలి. అప్పటికి ఉద్యోగం ఖాయమైనవారికి సేవా ధ్రువపత్రం సిద్ధం చేయాలి. అందులో ‘పథకంలో పాల్గొన్నారు’ అన్న మాట రాయకండి. ఏ యంత్రం వాడారు, ఏ పని బాధ్యత వహించారు, ఎంతకాలం చేశారు అని రాయండి. పర్యవేక్షకుడి పేరు, ఫోన్ నంబరు ఉండాలి, ఫోన్ చేసిన యజమానికి జవాబు చెప్పడం అతని విధుల్లో భాగం కావాలి. పింఛనుకు చేరువైనవారి దరఖాస్తును పథకం సిబ్బందే దగ్గరుండి నింపి, పింఛను ఖాతాలో జమ అయిన సొమ్ము లెక్కను సరిచూడాలి. ఉద్యోగం దొరకనివారికి ఒకసారి, గరిష్ఠంగా ఆరు నెలలు పొడిగించే వీలును నియమాలలోనే ఉంచి, దానికి కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. పొడిగింపు కూడా ముగిసినవారి భృతి దరఖాస్తును చివరి జీతం నెలలోనే దాఖలు చేయించాలి, అప్పుడే చివరి జీతానికీ మొదటి భృతికీ మధ్య ఖాళీ నెల రాకుండా ఉంటుంది.